ముందుగదిలో సర్వర్

మా ఆయన సర్వర్ ముందుగదిలో ఉండేది. నా పేజీలు పడగ్గదిలో ఉండేవి. రాజమండ్రిలోని ఒక చిన్న కంపెనీకి ఇద్దరం నిడదవోలులో మావయ్యగారి ఇంట్లో కూర్చునే పని చేసేవాళ్ళం. వారానికొకసారి రైలెక్కి వెళ్ళి ఆఫీసులో ముఖం చూపించి రావాలి, అంతే. మిగతా రోజులన్నీ ఆయన వీధివైపు కిటికీ దగ్గర, నేను పెరటివైపు కిటికీ దగ్గర. మధ్యలో నడవా, ఆ నడవాలో మావయ్యగారి పడక్కుర్చీ. మావయ్యగారు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయారు. ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ మాట్లాడటం పెద్దగా చేతకాదు.

మా పని ఏంటని చర్చిలో ఎవరైనా అడిగితే నేను ఇలా చెప్పేదాన్ని. వెబ్‌సైట్ తెరిచినప్పుడు కంటికి కనపడేదంతా నాది: బొమ్మలు, బటన్లు, వెతికే పెట్టె. లోపల ఎక్కడో కూర్చుని ఏ సరుకు ఉందో, ధర ఎంతో చెప్పే భాగం మా ఆయనది. నా పేజీ అడగాలి, ఆయన సర్వర్ చెప్పాలి. ఎక్కడికి వెళ్ళి అడగాలి, ఏమని అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది అన్నది ఇద్దరూ ముందే అనుకుని రాసుకుంటారు. దాన్నే ఏపీఐ అంటారు. ఆ రాసుకున్నదానికి కట్టుబడి ఉంటే చాలు, అంతకు మించి ఒకరి లోపల ఏముందో ఇంకొకరికి తెలియనక్కర్లేదు. ఆ సంవత్సరం ఈ చివరి మాట చెప్పేటప్పుడు నాకు ఒకరకమైన హాయిగా ఉండేది.

అప్పుడు మేం చేస్తున్నది కడియం వైపు ఒక నర్సరీ ఆసామి కోసం. ఎకరాలకొద్దీ మొక్కలున్నాయి, బెంగళూరు దాకా లారీలు వెళ్తాయి, కానీ ఏ మొక్క ఎంత ఉందో ఆయన మనసులోనూ ఆయన గుమాస్తా మనసులోనూ తప్ప ఎక్కడా లేదు. కొనేవాళ్ళు ఫోనులోనే చూసి ఆర్డరు పెట్టుకునేలా ఒక వెబ్‌సైట్ కావాలన్నారు. మంచి మనిషి. ఆఫీసుకు వచ్చినప్పుడల్లా ఒక పూలకుండీ తెచ్చేవారు. నాకోసారి నూరువరహాల మొక్క ఇచ్చి, అమ్మాయిగారూ, దీన్ని పట్టించుకోకపోయినా బతుకుతుందండి అన్నారు. ఆయనకు మా సంగతి తెలియదు.

మా సంగతి ఇది. అంతకుముందు చలికాలంలో మాకు పాప పుట్టింది. పుట్టి ఏడవలేదు. రాజమండ్రి ఆసుపత్రిలో నాకు మత్తిచ్చి ఆపరేషన్ చేశారు, నెత్తురు ఆగకపోతే మా ఆయన్ని రక్తం కోసం తరిమారు. నాకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది. మంచం పక్కన మా అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. పాప ఏదని అడిగితే తల నిమిరి, తీసుకెళ్ళిపోయారమ్మా అంది. ఎవరు, ఎక్కడికి అంటే, మగవాళ్ళు చూసుకున్నారు, నువ్వు అవన్నీ అడక్కూడదు అంది. మా అమ్మ కఠినురాలు కాదు. ఆమెకు ఎవరో చెప్పారు, ఆమె నాకు చెప్పింది.

మా వైపు అలాంటి బిడ్డను కన్నతల్లికి చూపించరు. చూస్తే మనసులో ముద్ర పడిపోతుందని, ఇంకో కాన్పుకు భయపడుతుందని పెద్దవాళ్ళ భయం. ఎక్కడ సమాధి చేశారో కూడా చెప్పరు. చెబితే వెళ్ళి అక్కడే కూర్చుంటుందట. వాళ్ళ ఉద్దేశం మంచిదే అయి ఉండొచ్చు, కానీ నా విషయంలో అది బొత్తిగా పని చెయ్యలేదు. నాకు చూడకపోవడమే ముద్రగా పడిపోయింది. బజార్లో ఏ పసిబిడ్డ కనపడినా ఆ ముఖాన్ని తీసుకెళ్ళి మా పాపకు పెట్టి చూసేదాన్ని. ఏదీ అతకలేదు. తొమ్మిది నెలలు మోసిన బిడ్డకు ముఖం లేదు, ఉన్న చోటు లేదు. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఎక్కడుందో తెలిస్తే చాలనుకునేదాన్ని. అది తెలిసిన మనిషి ముందుగదిలో కూర్చుని కోడ్ రాసుకుంటున్నాడని నా నమ్మకం.

ఏడుపు మాత్రం రాలేదు. చర్చి నుంచి సంఘస్త్రీలు గుంపుగా వచ్చారు, పాట పాడారు, ప్రార్థన చేశారు, ఏడిచెయ్యమ్మా తేలికపడతావు అన్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే ఆవిడ వీపు నేనే నిమిరాను. పోతూ పోతూ అందరూ ఒకటే మాట, దేవుడు మళ్ళీ ఇస్తాడు. పోయిన గొడుగు గురించి చెప్పినట్టు ఉండేది నాకు. పెద్దవాళ్ళు పోతే పెట్టే ఆదరణ కూడిక ఇలాంటి బిడ్డకు పెట్టే అలవాటు మా సంఘంలో లేదు. కాబట్టి ఏడవటానికి ఒక రోజంటూ లేకుండా పోయింది. అమ్మ కొన్నాళ్ళు ఉండి వంటా వార్పూ చూసి, బాలింత పత్యం పెట్టి, పిఠాపురం వెళ్ళిపోయింది. పత్యం ఎందుకు తింటున్నానో నాకు అర్థమయ్యేది కాదు, అయినా పెట్టింది పెట్టినట్టు తినేశాను.

మా ఆయనకూ నాకూ గొడవేమీ జరగలేదు. ఎవరైనా చూస్తే ఎంత ఒద్దికగా ఉన్నారో అనుకునేవారు. తిన్నారా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. అసలు మాటకు వచ్చేసరికి ఇద్దరమూ కిమ్మనకుండా పక్కకు తిరిగేవాళ్ళం. ఆయన ఏనాడూ పాప అన్న మాట ఎత్తలేదు. నేను అడగలేదు, ఎందుకంటే చెప్పాల్సినవాడు చెప్పాలి గానీ నేను దేబిరించడం ఏంటని నాకు పంతం. ఆ పంతం కింద కోపం, ఆ కోపం కింద ఇంకేమీ లేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే తెలియనట్టు, అన్నీ అలా తెలియకుండా జరిగిపోయేవి.

మళ్ళీ పనిలో చేరాక ఈ ఏర్పాటు ఇంకా బాగుపడింది. ఆఫీసువాళ్ళు అన్నీ చాట్‌లో రాయమంటారు కదా. నడవా అవతలున్న మనిషికి నేను ఇంగ్లీషులో, దయచేసి ఇది చూడగలరు అని రాసేదాన్ని. ఆయన, చూశాను, అయిపోయింది అని రాసేవారు. మధ్యలో మావయ్యగారు టీ కాచి ఆయనకొక గ్లాసు, నాకొక గ్లాసు పెట్టి వెళ్ళేవారు. ఇద్దరి గదుల్లోనూ కీబోర్డుల టకటక తప్ప ఇంకో చప్పుడు వినపడక ఆ పెద్దాయనకు ఎలా ఉండేదో, నేనెప్పుడూ ఆలోచించలేదు.

సర్వర్ తయారయ్యేదాకా పేజీలు రాసేవాళ్ళు ఊరికే కూర్చోరు. అబద్ధపు సరుకు ఒకటి సొంతంగా తయారుచేసుకుని, దాన్నే సర్వర్ ఇచ్చిందనుకుని పని కానిచ్చేస్తారు. డమ్మీ డేటా అంటాం. నేను చాలా మొక్కలు కల్పించాను. నందివర్ధనం, గన్నేరు, క్రోటన్లు, కాగితప్పూలు, అంటుమామిడి. ప్రతిదానికీ ఒక ధర, ఒక ఫోటో, పక్కన, సరుకు ఉంది అన్న మాట. నొక్కగానే వచ్చేది. ఏదీ ఆలస్యం కాదు, ఏదీ తప్పిపోదు. మా మేనేజరు రెండుసార్లు కలపడం ఎప్పుడని అడిగాడు. ఇంకొంచెం పనుంది అన్నాను. నిజానికి ఏ పనీ లేదు. నా మొక్కలతో నాకు బాగానే ఉంది, నిజం మొక్కలు వస్తే ఏదో ఒకటి పాడవుతుందని తెలుసు.

ఇంక తప్పలేదు. నర్సరీ ఆసామి మర్నాడు ఆఫీసుకు వస్తారు, ఆయనకు చూపించాలి అన్నారు. అప్పటికి కాలవలకు నీళ్ళొదిలారు, ఊడ్పుల హడావుడి మొదలైంది, మబ్బుపట్టిన పొద్దు. నేను డమ్మీ ఫైలును తీసేసి ముందుగదిలోని లాప్‌టాప్ చిరునామా పెట్టాను. ఇంట్లో ఉన్న వైఫై మీదే నా పేజీ ఆయన సర్వర్‌ను అడగాలి. నొక్కాను. పేజీ తెల్లబోయింది.

బ్రౌజర్ ఎర్రక్షరాల్లో ఒక వాక్యం చూపించింది. ఈ పని చేసేవాళ్ళందరికీ మొదటిరోజు ఎదురయ్యేదే అది. పేజీ ఒక చోటి నుంచి వచ్చి ఇంకో చోటున్న సర్వర్‌ను అడిగితే, ఆ సర్వర్ తనంతట తాను వీళ్ళను రానివ్వండి అని చెప్పి ఉండాలి. చెప్పకపోతే బ్రౌజర్ ఆ జవాబును నా దాకా రానివ్వదు. జవాబు వచ్చే ఉంటుంది, గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చాట్‌లో రాశాను. ఆయన తన కోడ్‌లో నా చిరునామాను ఒప్పుకునే వాళ్ళలో చేర్చారు. ఇప్పుడు చూడు అన్నారు. చూశాను.

మొక్కలు వచ్చాయి. నేను కల్పించినవి కాదు, కడియంలో మట్టిలో ఉన్నవి. కొన్నింటికి ఫోటోలు రాలేదు, ఎందుకంటే ఫోటోను నేను ఒక పేరుతో అడుగుతున్నాను, ఆయన ఇంకో పేరుతో పంపుతున్నారు. రాసుకున్న ఒప్పందం తీసి చూస్తే తప్పు నాదే. సరిచేశాను. ధరలు కొన్నిచోట్ల అంకెలుగా, కొన్నిచోట్ల అక్షరాలుగా వస్తున్నాయి, అది ఆయన తప్పు. ఆయన సరిచేశారు. పూట గడిచేసరికి కుండీల వరుస చక్కగా తెరమీద నిలబడింది. గుమాస్తా తీసిన ఫోటోల్లో కొన్నిటి వెనక నీళ్ళ పైపు పట్టుకున్న ఆడకూలీల చీర చెరగులు కూడా పడ్డాయి. సంతోషించాల్సిన సందర్భమని తెలుసు. సంతోషం కోసం లోపల వెతికి, లేదని ఊరుకుని, ఒక్కొక్క మొక్కనూ నొక్కి చూడటం మొదలుపెట్టాను.

కొన్ని మొక్కలు నొక్కితే చిన్న చక్రం తిరగడం మొదలయ్యేది. సర్వర్ జవాబిచ్చేదాకా కొనేవాళ్ళు విసుక్కోకుండా తిప్పే చక్రం అది, నేను పెట్టిందే. తిరుగుతూనే ఉండేది. తప్పు అని రాదు, లేదు అని రాదు, ఉంది అని రాదు. నేను లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చినా తిరుగుతూనే ఉంది. సర్వర్‌కు ప్రశ్న అందిందని నాకు తెలుస్తోంది. అందుకుంది, ఆ తర్వాత ఉలుకూ లేదు పలుకూ లేదు.

చూడగా చూడగా తెలిసింది, అవన్నీ నర్సరీలో అయిపోయిన మొక్కలు. ఆయన్ని అడిగాను. కావాలనే అలా వదిలేశాను అని రాశారు. కారణం నర్సరీ ఆసామి. మా వైపు వ్యాపారం చేసేవాళ్ళు నోటితో లేదు అనరు. డబ్బాలో బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటాం, అలాగే కొట్లో సరుకు అయిపోతే రేపొస్తుందండి అంటారు. వెబ్‌సైట్ మీద ఎక్కడా లేదు అన్న మాట కనపడకూడదని ఆసామి మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పారట. పెద్దమనిషి మాట, మా ఆయన కాదనలేకపోయారు. లేదు అనకూడదు, ఉంది అంటే అబద్ధం. ఏమనాలో తోచక ఆ చోటు ఖాళీగా వదిలేశారు. అందుకని ఎవరడిగినా సర్వర్ వింటుంది, ఊరుకుంటుంది. కంప్యూటర్ పని నేర్చినవాడెవడూ చెయ్యని తప్పు, గోదావరి జిల్లాలో పుట్టిన మర్యాదస్తుడే చెయ్యగలడు.

జవాబు ఇవ్వకపోతే నా పేజీ ఎంతసేపు తిరగాలి అని రాశాను. నీ వైపు కొంచెంసేపు చూసి ఆపేసెయ్ అని రాశారు. ఆపేసి కొనేవాళ్ళకు ఏం చెప్పాలి అని రాశాను. కాసేపటికి ఇంకో ఉపాయం వచ్చింది. అయిపోయినవాటన్నింటికీ ఒకే జవాబు పంపుతాను, మళ్ళీ వస్తుంది అని. ఆసామికి నచ్చుతుంది, నీ చక్రమూ ఆగుతుంది.

చాట్‌లో ఆయన పంపిన ఆ రెండు మాటలూ తెలుగులోనే ఉన్నాయి. మిగతాదంతా ఇంగ్లీషు. వాటిని చాలాసేపు చూశాను. ఆ జాబితాలో ఆసామి పూర్తిగా మానేసిన మొక్కలు కూడా ఉన్నాయి, అవి ఇంక రావు, ఆయనే చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అన్ని నెలల తర్వాత నాలో కదిలిన మొదటి సంగతి కోపమే. లేచి నడవా దాటాను. మావయ్యగారి కుర్చీ ఖాళీగా ఉంది. ముందుగది గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన కంగారుగా తలెత్తారు, పనివేళల్లో నేను ఆ గదిలోకి వెళ్ళి చాలా కాలమైంది మరి.

"రానివాటికి మళ్ళీ వస్తుందని ఎలా చెప్తారండీ?" అన్నాను. "లేకపోతే లేదని చెప్పండి. అడిగినవాళ్ళని అలా నిలబెట్టేసి ఊరుకుంటే ఎలా?"

సరే, లేదనే పెడతాను, ఆసామికి నేను చెప్పుకుంటాను అన్నారు. గబగబా ఏదో కొట్టారు. అయిపోయింది, వెళ్ళి చూసుకో అన్నారు. నేను కదల్లేదు. నేను మొక్కల గురించే వచ్చాను, మొక్కల గురించే మాట్లాడాను, ఒట్టు. కానీ అక్కడ నిలబడి ఉండగా ఆ కోపం ఆగలేదు. తీరా ఇంత దూరం వచ్చాక పంతం కూడా ఎక్కడో జారిపోయింది.

"పాపని ఎక్కడ సమాధి చేశారండీ?"

ఆయన చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. కోప్పడతారేమో, ఇప్పుడెందుకవన్నీ అంటారేమో అనుకున్నాను. ఆయన నా వంక కూడా చూడలేదు.

"నాకు తెలీదు," అన్నారు.

అబద్ధమనుకున్నాను. తర్వాత ఆయన చెప్పింది విన్నాను. రక్తం దొరక్క ఒక బ్లడ్ బ్యాంకు నుంచి ఇంకోదానికి తిరిగారు. ఎవరో ఇస్తామంటే వాళ్ళను బండి మీద ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి మావయ్యగారు పాపను తీసుకుని నిడదవోలు వెళ్ళిపోయారు. ఇంకా నేను బతుకుతానో లేదో తెలియదు, వెనకాలే వెళ్ళడానికి లేదు. ఆ తర్వాత వాళ్ళ నాన్నని అడుగుదామనుకుని ప్రతిసారీ వెనక్కి తగ్గారు. అడిగితే చూపిస్తారు, చూపిస్తే పాప లేదని నమ్మాలి. మా ఆయన కూడా పాపను చూడలేదు. నాకు మా అమ్మ ఏదో ఒకటి చెప్పే ఉంటుందని, నేను తెలిసే మాట్లాడటం లేదని అనుకున్నారట. ఇదంతా గోడకు చెబుతున్నట్టు లాప్‌టాప్‌ను చూస్తూనే చెప్పారు.

నాకు ఆయన మీద జాలి వెయ్యాలి. వెయ్యలేదు. అన్ని నెలలూ నేను దాచిపెట్టాడని ద్వేషించిన మనిషి దగ్గర దాచడానికి ఏమీ లేదు, ఆ ద్వేషమంతా దండగ అయిపోయిందని మాత్రం అనిపించింది. చాలా అలసటగా కూడా అనిపించింది. పదండి అన్నాను. లాప్‌టాప్ మూతైనా వెయ్యకుండా లేచారు.

మావయ్యగారు పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఇద్దరం కలిసి రావడం చూసి చేతిలో కాయ కింద పెట్టేశారు. అడిగింది మా ఆయనే. చిన్నపిల్లాడిలా, పాపని చూపించు నాన్నా అన్నారు. మావయ్యగారు ఎందుకని అడగలేదు, ఇప్పుడా అనలేదు. బావి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, లోపలికి వెళ్ళి ఆదివారం వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. గుండీలు పెట్టుకోవడం చాలాసేపు పట్టింది.

సమాధుల తోట రైలు పట్టాలకు అవతల. గేటు పడి ఉంది. బొగ్గు గూడ్సు ఒకటి తీరిగ్గా వెళ్తోంది. స్కూటర్లు, నారుకట్టల ట్రాక్టరు, మేం ముగ్గురం నిలబడి చూస్తున్నాం. సంఘంలోని ఒకాయన పలకరించి, ఎక్కడికండి మాస్టారూ ముగ్గురూ అన్నారు. మా మనవరాలి దగ్గరికండి అన్నారు మావయ్యగారు. ఆయన గతుక్కుమన్నారు. నేనూ గతుక్కుమన్నాను, మా పాపను ఎవరైనా వరస పెట్టి పిలవగా వినడం అదే మొదలు.

తోటలో రాళ్ళు, సిలువలు దాటి చివరి ప్రహరీ దగ్గరికి తీసుకెళ్ళారు. పసిబిడ్డలను పెట్టే చోటు అది. రాయి ఉండదు, గుర్తు ఉండదు, అలా ఉంచడమే అలవాటు. తొలకరికి గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. ఆ గడ్డి మధ్యలో మూరెడు మేర నేల మాత్రం శుభ్రంగా ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా అటే నడిచాను.

ఇక్కడేనమ్మా అన్నారు. పాస్టరుగారు ఆ రోజు ఊళ్ళో లేరట, కాపలా మనిషి గొయ్యి తీస్తే ఈయనే దించి ఈయనే ప్రార్థన చేశారట. పేరు పెట్టలేదు కదా, దేవుడికి ఏమని అప్పగించాలో తెలియక, మా పాప అని చెప్పానమ్మా అన్నారు. ఇంకో బిడ్డ పుట్టేదాకా మీ ఇద్దరికీ చెప్పకూడదని పెద్దవాళ్ళు ఒట్టు పెట్టించుకున్నారు, మీరే అడిగితే మాత్రం చెప్పేద్దామనుకున్నాను అన్నారు. ఆ పెద్దవాళ్ళెవరో ఎదురుగా ఉంటే ఏం అనేదాన్నో నాకే తెలియదు. తల ఎటువైపు మావయ్యగారూ అని అడిగాను. తూర్పు వైపు చూపించారు. అటువైపు వెళ్ళి నిలబడ్డాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చెప్పుల్లోకి చేరిన తడి తెలుస్తోంది.

మా ఆయన దూరంగా గడ్డిలోనే ఆగిపోయారు. అక్కడి నుంచే అడిగారు.

"ఎలా ఉంది నాన్నా?"

అప్పుడు అర్థమైంది నాకు, ఈ లోకంలో మా పాప ముఖం చూసి గుర్తుపెట్టుకున్న మనిషి ఈ ముసలాయన ఒక్కరేనని. రోజూ నాకు టీ గ్లాసు పెట్టి వెళ్ళిన మనిషి. మావయ్యగారు వెంటనే చెప్పడం మొదలుపెట్టారు, బళ్ళో పాఠం చెప్పినట్టు, ఒక్కొక్కటీ విడమరిచి.

"ముక్కు నీదేరా. పెదాలు నీవమ్మా, కింది పెదవి మధ్యలో ఆ గీతతో సహా. జుట్టు చాలా ఉంది, చెవుల మీదికి దిగిపోయింది. చెవులు మటుకు మీ అత్తగారివి, కింద అంటుకుపోయి ఉన్నాయి. ఎడమచేతి గుప్పిలి మూసే ఉంది, విప్పి చూద్దామనుకుని ఊరుకున్నాను." ఆ నేల మీదికి ఒరిగిన గడ్డిపరక ఒకటి పీకేశారు. "ఎప్పటికైనా మీరు అడుగుతారు, చెప్పాలి కదా అని బాగా చూసి పెట్టుకున్నానమ్మా. పెద్దవాణ్ణయిపోయాను, ఎక్కడ మర్చిపోతానోనని రోజూ పొద్దున్నే ఒకసారి వరసగా అనుకుంటూ ఉంటాను."

నేను ఆ తడినేల మీదే కూర్చుండిపోయాను. మళ్ళీ చెప్పండి మావయ్యగారూ అన్నాను. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, ముక్కు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.